హార్న్ లేని బండి మీద మామగారు

మా మామగారు తప్పిపోయారు. ఏ కాశీలోనో కుంభమేళాలోనో అయితే చెప్పుకోవడానికైనా బాగుండేది. ఆయన తప్పిపోయింది అబిడ్స్‌లో.

నాంపల్లి ఇంటి నుంచి గన్‌ఫౌండ్రీలోని ఆఫీసుకు ముప్పై అయిదేళ్లు నడిచి వెళ్లి, నడిచి వచ్చిన గుమాస్తా ఆయన. రిటైరయ్యాక కూడా ఆ దారి వదల్లేదు. రోజూ పొద్దున్నే అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నడవడం, మెట్ల మీద కూర్చుని పేపరు చదవడం, ఎండ ముదిరేలోగా ఇంటికి రావడం. అలాంటి మనిషిని ఎనభై నాలుగో ఏట మా బామ్మర్ది కొత్త కళ్లద్దాల కోసం కారులో అదే అబిడ్స్‌కు తీసుకెళ్లాడు. కారును ఓ కాంప్లెక్సు సెల్లార్‌లో పెట్టి, పని అయ్యాక, "నాన్నా, ఇక్కడే ఉండు, బండి తెస్తా" అన్నాడు. ఇల్లు ఇంత దగ్గర పెట్టుకుని కారెందుకని మామగారు వెనక గేటులోంచి బయటపడి నడక మొదలుపెట్టారు. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. నాంపల్లికని బయల్దేరిన మనిషి బషీర్‌బాగ్‌లో తేలారు.

మేము మూడు గంటలు వెతికాం. మా ఆవిడ ఏడ్చింది, బామ్మర్ది పోలీసు స్టేషన్‌కు వెళ్లాడు, నేను సుల్తాన్ బజార్లో దుకాణం కట్టేసి స్కూటర్ మీద సందు సందూ తిరిగాను. ఆఖరికి ఆయన ఓ పండ్లబండి పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి రసం తాగుతూ కనబడ్డారు. మమ్మల్ని చూసి, "ఏంటంత కంగారుగా ఉన్నారు?" అన్నారు.

ఆ సాయంత్రం కుటుంబ సమావేశం జరిగింది. మా అత్తవారిది సముద్రం ఒడ్డు ఊరు. రాష్ట్రం ఏర్పడ్డ కొత్తల్లో ఆఫీసులతో పాటు వాళ్ల కుటుంబమూ ఇక్కడికొచ్చింది, అప్పటికి మామగారు పదిహేనేళ్ల కుర్రాడు. ఊరు వదిలినా వాళ్లు ఒక పద్ధతి వదల్లేదు. మూడు విడతల కాఫీ పడందే ఏ నిర్ణయమూ తీసుకోరు. మొదటి కాఫీకి గేటుకు తాళం వేయాలని తేలింది. రెండో కాఫీకి, ఆయన ఒంటరిగా కాలు బయట పెట్టకూడదని తేలింది. మూడో కాఫీకి అందరూ నావైపు చూశారు, ఇంటల్లుడు కూడా ఏదో ఒకటి చెప్పాలి కదా అని.

నేను బ్లౌజు పీసులు అమ్ముకునేవాణ్ణి. పుట్టింది పెరిగింది ఈ హైదరాబాద్‌లోనే. మా బజార్లో దొరకని పరిష్కారం లోకంలో లేదని గట్టి నమ్మకం. మర్నాడే ఓ కార్డు మీద మామగారి పేరు, నాంపల్లి చిరునామా, మా ముగ్గురి ఫోన్ నంబర్లు రాయించి, "వీరు కనబడితే దయచేసి ఇంటికి చేర్చండి" అని కింద ఎర్రక్షరాల్లో వేయించి, లామినేషన్ చేయించి, తాడు కట్టించి తెచ్చాను. తాడు రంగు కూడా ఆయన చొక్కాలకు నప్పేదే ఎంచాను. ఆ శ్రద్ధకు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు.

మామగారు కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. మా వైపు వాళ్లయితే అల్లుణ్ణి ఒరే అనడానికి కూడా వెనకాడరు. ఈయన పాతికేళ్లుగా నన్ను మీరు అనే అంటారు. "పార్సెల్ బాగా కట్టారండీ అల్లుడుగారూ," అని మెడలో వేసుకున్నారు.

ఆ రోజు నుంచి ఆయన పేపరు చదవడం మానేశారు. పేపరుని ఇంటికే వేయించాడు బామ్మర్ది. అది గడపలో పడి ఉండేది, మడత విప్పేవారు కాదు. అడిగితే, "అది మెట్ల మీద చదివేదమ్మా," అనేవారు మా ఆవిడతో. గొడవ చేయలేదు, అన్నం మానలేదు. మెడలో కార్డుతో వరండాలో కూర్చుని, తాళం వేసిన గేటు వైపు చూస్తూ ఉండేవారు. తిట్టినా బాగుండేది.

నెల తర్వాత ఆయనే బేరం పెట్టారు.

"నాకు దారులు గుర్తుండవంటారు కదా. మా ఊరు తీసుకెళ్లండి. పెళ్లికి ముందు చూశాను, మళ్లీ వెళ్లలేదు. రైలు దిగి, ఎవర్నీ అడక్కుండా, నేను చదువుకున్న బడి దగ్గరికి తీసుకెళ్తాను. తీసుకెళ్తే ఈ బిళ్ల తీసెయ్యాలి, గేటు తాళం తీసెయ్యాలి. లేకపోతే ఇక నేనే ఈ గేటు దాటను."

బామ్మర్ది వెంటనే ఒప్పుకున్నాడు. కాఫీ కూడా అడగలేదు. అరవై ఏళ్ల కింద చూసిన ఊళ్లో ఎవర్నీ అడక్కుండా బడి దొరకడమేంటి, పీడ వదిలిందనుకున్నాడు. తనకు సెలవు లేదు కాబట్టి జడ్జిగా నన్ను పంపాడు. "మీరైతే ఉన్నది ఉన్నట్టు చెప్తారు బావగారూ," అన్నాడు. బట్టల వ్యాపారంలో ముప్పై ఏళ్లున్నాను, నా గురించి ఆ మాట అన్న మొదటి మనిషి వాడే.

నాంపల్లిలో రైలెక్కి మర్నాడు పొద్దున దిగాం. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే వచ్చే వేసవికల్లా హైదరాబాద్ అంతా అక్కడే ఉంటుంది, బిర్యానీ పొట్లాలతో సహా. ఎంత ప్రశాంతమైన ఊరంటే, స్టేషన్ బయట ఆటో వాళ్లు మనల్ని చూసి కూడా లేవరు. ఒకాయన్ని ఊరంతా తిప్పమంటే, "అంత ఊరు లేదండీ" అన్నాడు. పైగా సందులన్నీ ఇరుకు, ఆటో పోదట. మరో దారి లేక కిరాయి బండి కోసం వెతికాను.

స్టేషన్‌కు కొంచెం దూరంలో ఓ జెరాక్స్ దుకాణం బయట రెండు బైకులు, అట్టముక్క మీద "అద్దెకు ఇవ్వబడును" అని చేత్తో రాసిన రాత. దుకాణదారు నా ఆధార్ కార్డు అసలుదే తీసుకుని సొరుగులో పడేశాడు. మా దగ్గర అయితే ముందు నేను బండిని అనుమానిస్తాను, తర్వాత బండి ఓనరు నన్ను అనుమానిస్తాడు, అలా గౌరవంగా వ్యవహారం మొదలవుతుంది. ఈయన తాళంచెవి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోతున్నాడు. నేను హార్న్ నొక్కి చూశాను. చప్పుడు లేదు.

"అన్నా, హార్న్ కొడ్తలేదేంది?"

"ఎవరి మీద కొడతారండీ?" అన్నాడాయన.

రోడ్డు చూశాను. ఒక గేదె, ఒక సైకిలు. రెండూ దేని దారిన అది పోతున్నాయి. అయినా నాకు ధైర్యం చాల్లేదు. హైదరాబాదీకి బ్రేకు లేకపోయినా ఫర్వాలేదు, హార్న్ లేకపోతే బట్టల్లేనట్టు ఉంటుంది.

దుకాణాన్ని గుర్తు పెట్టుకున్నాను. ఆ విద్యలో మా వాళ్లను మించినవాళ్లు లేరు. పాన్ డబ్బా కాడ లెఫ్టు, ఇరానీ హోటల్ దాటినాక రైటు, ఏ చిరునామా అయినా ఇంతే. ఇక్కడ ఎదురుగా పసుపు రంగు ట్రాలీ ఆటో, దాని పక్కన కొబ్బరిబోండాల కుప్ప. చాలు.

మామగారు మెడలో బిళ్లతో వెనక కూర్చున్నారు, ఒక చెయ్యి నా భుజం మీద.

"ఎటు పోవాలె మామా?"

"తూర్పుకి పోనీయండి."

"లెఫ్టా, రైటా?"

"తూర్పండీ."

మా దగ్గర తూర్పు అంటే ఫ్లాటు కొనేటప్పుడు ఎక్కువ చెప్పే రేటు. ఒకసారి కొన్నాక మళ్లీ ఆ మాటతో పనుండదు. ఆ సంగతే చెప్పాను. ఆయన వెనకనుంచి నా తలను రెండు చేతులతో పట్టుకుని ఎండ వైపు తిప్పారు. "అదిగో, అటు. ఇక్కడ అందరం ఇలాగే చెప్పుకుంటాం. మంచం తూర్పుకి జరుపు, విస్తరి దక్షిణంగా వెయ్యి అనేది మా అమ్మ. సముద్రం తూర్పునే ఉంటుందిగా, అదెక్కడికీ పోదు."

బాగానే సాగింది కాసేపు. పెంకుటిళ్లు, వాకిట్లో వలలు బాగుచేసుకునే మనుషులు, ఏ తొందరా లేని కుక్కలు. ఆయన "తూర్పు", "ఇంకా తూర్పు" అంటున్నారు. నేను వింటున్నాననే అనుకున్నాను. ఒక నాలుగు రోడ్ల దగ్గర "దక్షిణం" అన్నారు. తూర్పు పట్టుబడింది కదా, దక్షిణమెంత అని మహా ధీమాగా ఎడమకు తిప్పాను. అప్పుడే ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరొచ్చి, దాన్ని తప్పించే హడావుడిలో మా తిరుగుడు ఆయన కూడా గమనించినట్టు లేదు. రోడ్డు మట్టిదైంది, మట్టి ఇసుకైంది, ఇసుకలో చక్రం సగం దాకా దిగి బండి ఆగిపోయింది. చుట్టూ సరుగుడు తోట.

బండి లాగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. చొక్కా తడిసి ముద్దయింది. "ఇప్పుడెటు మామా?" అని తిరిగి చూశాను.

ఆయన తల ఎత్తి చూశారు, సూర్యుడు సరిగ్గా నెత్తిమీద. కిందికి చూశారు, నీడ పాదాల కింద ముడుచుకుని ఉంది. సముద్రపు హోరు వినబడుతోంది కదా అని నేనన్నాను. "అది సముద్రం కాదు, సరుగుడు చెట్లు. అన్ని పక్కలా అలాగే వినిపిస్తాయి," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఒకసారి అటు నాలుగడుగులు వేశారు, మళ్లీ ఇటు. మెడలో కార్డు ఊగుతోంది. అబిడ్స్‌లో ఆ మధ్యాహ్నం కూడా ఇలాగే నిలబడి ఉంటారని నాకు అప్పుడు తట్టింది. తప్పిపోయారు అన్నామే గానీ, ఆయన ఎలా నిలబడ్డారో మేమెవ్వరం అడగలేదు.

ఉన్నది ఉన్నట్టు చెబుతానని పంపారు కాబట్టి ఇదీ చెబుతాను. నాకు లోలోపల హాయిగా అనిపించింది. అయిపోయింది, ఓడిపోయారు, ఇక ఇంట్లో గొడవ ఉండదు, నా కార్డే గెలిచింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఆయన మళ్లీ కాళ్ల కింద నీడ కోసం వెతకడం చూసి సిగ్గేసింది.

"మామా, వాపస్ పోదాం. ఎండ బాగ కొడ్తున్నది. దొరకలేదని నేను చెప్పను తియ్యుండ్రి," అన్నాను.

"వద్దండీ. జాలి మీద తీసిన తాళం మళ్లీ పడుతుంది. ఆగండి కాసేపు."

ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాం. పావుగంట గడిచింది. ఇంకో పావుగంట. ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమో, మా ఆవిడకేం చెప్పాలని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఉన్నట్టుండి ఆయన మొహం ఎత్తారు. కాసేపటికి నాకూ తగిలింది, చెమట పట్టిన మెడ మీద చల్లగా, ఉప్పగా.

"పైరగాలి," అన్నారు లేస్తూ. "మధ్యాహ్నమయ్యాక సముద్రం మీంచి వచ్చేది. ఇక సాయంత్రం దాకా ఆగదు." గాలికి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి చాచారు. "ఎదురుగా తూర్పు. ఈ చెయ్యి దక్షిణం. మీరు నన్ను ఉత్తరానికి తెచ్చారండీ."

అంత మర్యాదగా ఎవరూ నన్ను తిట్టలేదు.

అక్కడినుంచి ఒక్క తప్పు జరగలేదు. గాలి ఎడమ చెవికి తగిలేలా పోనీయమన్నారు, పోనిచ్చాను. ఒక చోట ఆపమన్నారు, ఆపాను. "ఇదే" అన్నారు.

అది బడి కాదు. స్తంభాల మీద లేపిన ఎత్తైన కాంక్రీటు కట్టడం, తుఫాను షెల్టరు. మామగారు దాన్ని చూసి ఒక్క క్షణం తగ్గారు గానీ, "ఇదే" అని మళ్లీ అన్నారు. అరుగు మీద చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి తనంతట తనే అడిగింది, "బడి కోసమా బాబూ? అదెప్పుడో తుఫానుకి పడిపోయింది. ఆ స్థలంలోనే ఇది కట్టారు. ఇక్కడ చదివారా?"

మామగారు నా వైపు తిరిగి, "నేనడగలేదు, ఆవిడే చెప్పింది. రాసుకోండి," అన్నారు. తర్వాత వెళ్లి ఆ షెల్టరు మెట్ల మీద కూర్చున్నారు. పొట్ట నిండా అన్నం తిన్నవాడిలా కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో నా వంతు వచ్చింది. అప్పటికి మధ్యాహ్నం మూడు గంటలు. ఆ ఊళ్లో ఒంటిగంట నుంచి నాలుగు దాకా దుకాణాలన్నీ మూసేసి పడుకుంటారని నాకు ఎవరూ చెప్పలేదు. వ్యాపారస్థుడు పగలు పడుకోవడమనే ఊహే నాకు రాదు. స్టేషన్ వీధికొచ్చేసరికి అన్నీ మూసిన షట్టర్లు, అన్నీ ఒకే నీలం రంగు. అట్టముక్కా, రెండో బైకూ లోపలికి పోయాయి. ట్రాలీ ఆటో బోండాలతో సహా వెళ్లిపోయింది. ఫోన్ తీసి జెరాక్స్ అని కొట్టాను. అది జిల్లా కేంద్రంలో ఉన్న దుకాణం చూపించి, చేరడానికి గంట పడుతుందని చెప్పింది. నా ఆధార్ ఈ షట్టర్లలో ఏదో ఒకదాని వెనక ఉంది. ఆ వీధి మూడుసార్లు ఎక్కి దిగాను. హార్న్ లేదు కాబట్టి కోపం కూడా వెళ్లగక్కలేకపోయాను.

"గీడనే ఉండె మామా, ఆటో ఎదురుంగ…"

"ఆటోకి చక్రాలుంటాయండీ," అన్నారాయన వెనకనుంచి. "గాలి వీపున పెట్టుకుని పోనీయండి. పొద్దున ఆ కొట్టు మెట్ల మీద నిలబడితే ఎండ మొహాన కొట్టింది. తూర్పు మొహం కొట్టు. దానికి ఉత్తరాన మూడో ఇంటికి డాబా లేదు, పెంకులు. ఆగండి. ఇదే, కొట్టండి."

కొట్టాను. లుంగీ సర్దుకుంటూ జెరాక్స్ ఆయన షట్టరు ఎత్తాడు.

ఆధార్ తీసుకుని బయటికొస్తుంటే మామగారు మెల్లగా అడిగారు. "ఏమండీ అల్లుడుగారూ, మిమ్మల్ని ఒంటరిగా బయటికి పంపొచ్చంటారా?"

నాంపల్లి చేరాక తీర్పు చెప్పాను. బడి స్థలం దొరికింది, ఎవర్నీ అడగలేదు, గెలిచారు. నేను దారి తప్పిన సంగతి కూడా చెప్పాను, అడగకముందే. మా ఆవిడ సంతోషపడింది. బామ్మర్ది మాత్రం, "అక్కడంటే సముద్రముంది. ఇక్కడేముంది బావగారూ, మెట్రో పిల్లర్లున్నాయి," అన్నాడు.

"మాటంటే మాటనే. తాళం తీయి," అన్నాను. పాతికేళ్లలో ఆ ఇంట్లో నేను గొంతు పెంచింది అదొక్కసారే. కాఫీ లేకుండానే తాళం ఊడింది.

మర్నాడు పొద్దున మామగారు గేటు దగ్గర మెడలో కార్డు తీసేశారు. చేతిలో పేపరు. వెళ్తూ వెళ్తూ ఆగి, నా చొక్కా జేబు సర్ది, భుజం తట్టారు. ప్రేమకొద్దీ అనుకున్నాను.

ఆయన సందు మలుపు తిరగ్గానే నేను వెనకాలే బయల్దేరాను. తీర్పు చెప్పడం వేరు, భయం వేరు. మెట్రో లైను కింద ఆయన ఆగారు. అక్కడ ఎండ పడదు. పైన కాంక్రీటు, చుట్టూ బస్సులు, ఆటోలు, హార్న్‌లు. ఒక నిమిషం నిలబడ్డారు. రెండు నిమిషాలు. అటు చూశారు, ఇటు చూశారు. సరుగుడు తోటలో చూసిన మొహమే. ఇక్కడ ఏ పైరగాలి వస్తుంది? ఇది కుదరదు, బామ్మర్ది చెప్పిందే నిజం, ఫోన్ చేసి కారు తెమ్మనాలి. నా చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది.

ఫోన్ బదులు కార్డు చేతికొచ్చింది. నేను చేయించిందే, లామినేషన్ అంచు లేచిపోయి ఉంది. తిరగేశాను. వెనకవైపు ఆయన గుమాస్తా అక్షరాలు, స్కెచ్ పెన్నుతో.

"వీరు మా అల్లుడుగారు. కనబడితే నాంపల్లి ఇంటికి చేర్చగలరు. మంచివారే. తూర్పు తెలియదు."

తల ఎత్తేసరికి పిల్లర్ దగ్గర ఆయన లేరు. రోడ్డుకు అవతల, మెట్రో నీడ దాటి, ఎండ మొహాన పడుతుండగా అబిడ్స్ వైపు నడిచిపోతున్నారు. నేను ఫోన్ తీయలేదు. ఇంటికి వెళ్లడానికి వెనక్కి తిరిగి, ఎండ వీపున పెట్టుకుని నడిచాను.